వృత్తి ఐస్ హాకీ విస్తరణ: ఆటగాడి శ్రమపై హక్కు ఎవరిది?

వ్యాససంగ్రహం:
ఉత్తర అమెరికాలో వృత్తి ఐస్ హాకీ ఒక శతాబ్దకాలంలో నాలుగు జట్ల పోటీ నుంచి ముప్పై రెండు జట్ల వ్యవస్థగా పెరిగింది. ఈ పెరుగుదలను లీగు యజమానుల దూరదృష్టికి ఆపాదించడం పరిపాటి. అయితే ప్రధానమైన మలుపులను పరిశీలిస్తే, ఆటగాడి శ్రమపై యజమానుల గుత్తాధిపత్యానికి బయటినుంచో లోపలినుంచో సవాలు ఎదురైనప్పుడే ఆట విస్తరించిందనీ, సవాలు లేనప్పుడు స్తంభించిందనీ తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ సంబంధాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: ఐస్ హాకీ, ఎన్‌హెచ్‌ఎల్, రిజర్వ్ నిబంధన, గుత్తాధిపత్యం, ఆటగాళ్ల సంఘం.

1. ప్రస్తావన

తెలుగు పాఠకునికి 'హాకీ' అనగానే ధ్యాన్‌చంద్ స్ఫురిస్తాడు. కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆడేదే. మైదానంలో ఆడేదాన్ని చెప్పాలంటే 'ఫీల్డ్' అనే విశేషణం చేర్చవలసి వస్తుంది. ఏ ఆట పేరుకు విశేషణం అక్కరలేదో ఆ సమాజంలో అదే ప్రధానక్రీడ. కాళ్లకు స్కేట్లు కట్టుకొని, వంపు కర్రలతో 'పక్' అనే గట్టి రబ్బరు బిళ్ళను ఎదుటి గోలులోకి కొట్టడం, బరిలో జట్టుకు ఆరుగురు, ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు: స్థూలంగా ఆట స్వరూపం ఇది.

ఈ ఆట వృత్తిగా మారిన క్రమాన్ని కప్పుల వరుసగా, వీరుల వరుసగా చెప్పడం సులభం. ఈ వ్యాసం ఆ దారి పట్టదు. ఒప్పందం ముగిసిన ఆటగాడు మరో జట్టుకు వెళ్లగలడా, లేడా అన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని ఆ చరిత్రను పరిశీలిస్తుంది.

2. ఔత్సాహికత అనే ముసుగు

1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో జేమ్స్ క్రైటన్ పూనికతో జరిగిన ఆటను వ్యవస్థీకృత ఇండోర్ హాకీకి ఆరంభంగా పరిగణిస్తారు. అప్పుడు జట్టుకు తొమ్మిది మంది. 1892లో గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ బహూకరించిన కప్పు ఔత్సాహిక జట్లకు ఉద్దేశించినది. డబ్బు తీసుకొని ఆడేవాడు పెద్దమనిషి కాడన్న బ్రిటిష్ భావన ఆనాటి కెనడా నగరసంఘాలను ఏలుతూ ఉండేది. తీరిక ఉన్నవాడికి ఔత్సాహికత గౌరవం. గనిలోనో మిల్లులోనో పనిచేసేవాడికి అది నిషేధం. ఈ వర్గభేదాన్ని గుర్తించకుండా ఔత్సాహిక యుగాన్ని స్వర్ణయుగంగా వర్ణించడం సమంజసం కాదు.

పూర్తిగా జీతాల మీద నడిచిన మొదటి లీగు కెనడా రాజధానిలో కాక, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, రాగి గనుల ప్రాంతంలో పుట్టింది. హోటన్ పట్టణంలో స్థిరపడిన కెనడా దంతవైద్యుడు జాన్ గిబ్సన్ చొరవకు స్థానికుల పెట్టుబడి తోడై 1904లో అంతర్జాతీయ వృత్తి హాకీ లీగు ఏర్పడింది. అందులోని ఐదు జట్లలో నాలుగు అమెరికావి, ఒకటి మాత్రమే కెనడాది. 1907లో అది మూతపడింది. తమ ఆటగాళ్లు సరిహద్దు దాటిపోతుంటే చూడలేక కెనడా జట్లు కూడా బాహాటంగా జీతాలివ్వడం మొదలుపెట్టాయి. మిషిగన్ లీగు ఆకర్షణ అంతటితో తగ్గింది. మూడేళ్లే బతికినా, ఆటగాడికి మరోచోట గిరాకీ ఉంటే జీతం దానంతటదే బయటికి వస్తుందని అది నిరూపించింది.

3. పోటీ లీగుల కాలం

1909లో ఒంటారియోలోని రెన్‌ఫ్రూ అనే చిన్న పట్టణపు జట్టును పెద్ద లీగు చేర్చుకోలేదు. ఆ జట్టు వెనుక ఉన్న ఓబ్రయన్ కుటుంబానికి గనుల సంపద ఉంది. ఆంబ్రోస్ ఓబ్రయన్ ఊరుకోక నేషనల్ హాకీ అసోసియేషన్ స్థాపనకు పూనుకున్నాడు. ఫ్రెంచి భాషీయుల కోసం మాంట్రియల్ కెనేడియన్స్ అనే జట్టునూ నెలకొల్పాడు. ఇప్పటికీ ఆడుతున్న అతి ప్రసిద్ధమైన జట్టు ఒక తిరస్కారం ఫలితంగా పుట్టిందన్నమాట. ఆ సీజనులో ఫ్రెడ్ 'సైక్లోన్' టేలర్‌కు రెన్‌ఫ్రూ 5,250 డాలర్లిచ్చింది. పన్నెండు ఆటలకు అది ఆనాడు విస్తుగొలిపే మొత్తం.

జీతాలు పెరగగానే యజమానులు పొదుపు మార్గాలు వెతికారు. 1911లో ఈ అసోసియేషన్ 'రోవర్' అనే ఏడో స్థానాన్ని తొలగించింది. ఒక జీతం మిగులుతుందన్నదే దీనికి ప్రధాన కారణమని చెబుతారు. నేడు ఆటకు సహజలక్షణంగా కనిపించే ఆరుగురి కూర్పు ఈ విధంగా లెక్కల పుస్తకం నుంచి వచ్చింది.

అదే ఏడాది పడమటి తీరంలో లెస్టర్, ఫ్రాంక్ పాట్రిక్ సోదరులు తండ్రి కలపవ్యాపారం అమ్మగా వచ్చిన డబ్బుతో పసిఫిక్ కోస్ట్ లీగును ఆరంభించారు. తీరప్రాంతంలో చలి చాలదు కనుక విక్టోరియా, వాంకూవర్ నగరాల్లో కెనడాలోనే మొదటి కృత్రిమ మంచు రింకులను కట్టించారు. నీలిగీతలు, మధ్యభాగంలో ముందుకు పాస్ ఇవ్వడం, గోలీ కిందపడి బంతి ఆపడానికి అనుమతి (బంతి అనేది మన వాడుక, అక్కడ ఆపేది పక్), పెనాల్టీ షాట్ వంటివి ఈ లీగులో రూపుదిద్దుకున్నాయి. నేటి నిబంధనల గ్రంథంలో పాట్రిక్ సోదరుల వాటా చాలా పెద్దది. తూర్పు లీగుతో ఆటగాళ్ల కోసం, ప్రేక్షకుల కోసం పోటీ పడవలసి రావడమే వారిచేత ఈ ప్రయోగాలు చేయించింది. 1917లో వారి లీగులోని సియాటిల్ జట్టు స్టాన్లీ కప్పు గెలుచుకుంది. అమెరికా జట్టుకు అది దక్కడం అదే మొదలు.

నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) 1917 నవంబరు 26న మాంట్రియల్ విండ్సర్ హోటల్లో ఏర్పడింది. టొరంటో జట్టు యజమాని ఎడ్డీ లివింగ్‌స్టన్ తోటి యజమానులకు కంటగింపయ్యాడు. ఆయనను బహిష్కరించడం చిక్కుతో కూడిన పని కనుక, ఆయనను ఒంటరిగా పాత సంఘంలో వదిలేసి మిగిలినవారు కొత్త సంఘం పెట్టుకున్నారు. మొదటి సీజనులో బరిలోకి దిగినవి నాలుగు జట్లే.

ఈ లీగు స్వభావాన్ని తెలుసుకోవడానికి 1925 హామిల్టన్ ఉదంతం ఒక్కటి చాలు. ఆటల సంఖ్య 24 నుంచి 30కి పెరిగినా జీతం పెరగలేదు. పట్టికలో అగ్రస్థానంలో నిలిచిన హామిల్టన్ టైగర్స్ ఆటగాళ్లు తలా 200 డాలర్లు అదనంగా అడిగి, ఇవ్వకపోతే ఫైనల్ ఆడబోమన్నారు. అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ వారిని సస్పెండ్ చేశాడు. తరువాత ఆ ఆటగాళ్ల ఒప్పందాలను న్యూయార్క్ దొంగసారా వ్యాపారి బిల్ డ్వయర్ జట్టుకు 75,000 డాలర్లకు అమ్మేశారు. ఆటగాడికి 200 ఇవ్వనన్న వ్యవస్థే అతణ్ణి వేలకు అమ్ముకోగలిగింది. కారణం రిజర్వ్ నిబంధన: ఒప్పందం ముగిసినా ఆటగాడు పాత జట్టు ఆస్తిగానే ఉంటాడు.

1924-26 మధ్య బోస్టన్, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్ నగరాలకు లీగు వ్యాపించడం ఈ వ్యాసప్రతిపాదనకు కొంత మినహాయింపు. అక్కడ పనిచేసినది అమెరికా ఎరీనా యజమానుల డబ్బు. అయినా కొత్త జట్లకు ఆటగాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్నది గమనించాలి. 1926లో పడమటి లీగు కుప్పకూలి, అందులోని ఆటగాళ్లను గుత్తగా అమ్మివేసింది. ఇకపై ఎన్‌హెచ్‌ఎల్‌కు దీటైన పోటీదారు లేడు.

4. ఆరు జట్ల కాలం: 1942-1967

ఈ కాలాన్ని అభిమానులు 'ఒరిజినల్ సిక్స్' అని మురిపెంగా పిలుస్తారు. ఆరింటిలో 1917 నాటివి మాంట్రియల్, టొరంటో మాత్రమే కనుక ఆ పేరు చారిత్రకంగా తప్పు. ఆట నాణ్యత ఉన్నతంగా ఉండేదన్నది నిజం. 1944-45లో మారిస్ రిచర్డ్ 50 ఆటల్లో 50 గోల్స్ చేశాడు. 1952 నుంచి టెలివిజన్ శనివారం రాత్రులను హాకీరాత్రులుగా మార్చింది. కానీ పాతికేళ్లపాటు ఒక్క జట్టూ చేరలేదు. యావత్ప్రపంచానికీ సుమారు వందమందికి పైబడిన కొలువులే. పదహారేళ్లు దాటీదాటని కుర్రవాడు 'సి-ఫారం' మీద సంతకం చేస్తే అతని వృత్తిజీవితం ఒక జట్టు చేతికి పోయేది.

ఈ నేపథ్యంలో డెట్రాయిట్ జట్టు ఆటగాడు టెడ్ లిండ్సే ఒక చిన్న ప్రశ్న వేశాడు. 1947లో ఏర్పడిన పింఛను నిధికి ప్రతి ఆటగాడూ ఏటా 900 డాలర్లు కట్టేవాడు. ఆ నిధి లెక్కలు చూపమని లిండ్సే అడిగితే లీగు చూపలేదు. 1957 ఫిబ్రవరిలో ఆయన, మాంట్రియల్‌కు చెందిన డగ్ హార్వే, మరికొందరు కలిసి ఆటగాళ్ల సంఘాన్ని ప్రకటించారు. ఆ సీజనులో లిండ్సే 85 పాయింట్లు సాధించాడు. అది ఆయన వృత్తిజీవితంలోనే అత్యధికం. అయినా జులైలో ఆయనను అట్టడుగున ఉన్న షికాగోకు పంపివేశారు. డెట్రాయిట్ యజమాని బ్రూస్ నారిస్. షికాగో యజమానుల్లో ఒకడు ఆయన సవతి సోదరుడు జేమ్స్ నారిస్. అంటే ఒక ఇంటి నుంచి అదే ఇంటివారి మరో వాకిట్లోకి శిక్షగా పంపడం. టొరంటో ప్రతినిధి జిమ్ థామ్సన్‌కూ షికాగోయే గతి అయింది. నవంబరులో డెట్రాయిట్ ఆటగాళ్లే సంఘం నుంచి తప్పుకున్నారు. 1958 ఫిబ్రవరిలో 7,000 డాలర్ల కనీసవేతనం వంటి కొన్ని రాయితీలతో వివాదం ముగిసింది, సంఘమూ ముగిసింది. లిండ్సే ఓడిపోయాడని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఆటగాళ్లు తమలో మేటికి తామే ఓటువేసి ఇచ్చే పురస్కారానికి 2010లో ఆయన పేరు పెట్టుకున్నారు.

కొలువులు తక్కువైన చోట వివక్షకు బలం ఎక్కువ. 1958 జనవరి 18న బోస్టన్ తరఫున ఆడిన విలీ ఓరీ ఈ లీగులో మొదటి నల్లజాతి ఆటగాడు. ఒక కన్ను పూర్తిగా కనిపించదన్న సంగతిని దాచిపెట్టి ఆయన ఆడాడు. మొత్తం ఆడినవి 45 ఆటలు. రెండో నల్లజాతి ఆటగాడు మైక్ మార్సన్ రావడానికి 1974 దాకా పట్టింది. ఆయన చేరిన వాషింగ్టన్ ఆ ఏడాదే ఏర్పడిన కొత్త జట్టు కావడం కాకతాళీయమని ఈ వ్యాసకర్త భావించడం లేదు.

5. మిలియన్ డాలర్ల చెక్కు

1967లో ఆరు జట్లు ఒక్కసారిగా పన్నెండయ్యాయి. ఒక్కొక్క కొత్త జట్టు ప్రవేశరుసుము 20 లక్షల డాలర్లు. అమెరికా టెలివిజన్ ఆదాయం మీద ఆశతోపాటు, పశ్చిమాన ఉన్న చిన్న లీగు పెద్ద లీగుగా ఎదుగుతుందన్న భయమూ దీనికి కారణం. ఆ ఏడాదే న్యాయవాది అలన్ ఈగిల్సన్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం మళ్లీ ఏర్పడి ఈసారి నిలబడింది.

అసలైన సవాలు 1972లో వరల్డ్ హాకీ అసోసియేషన్ రూపంలో వచ్చింది. గ్యారీ డేవిడ్సన్, డెనిస్ మర్ఫీ అనే ఇద్దరు కాలిఫోర్నియావాసులు దీని వ్యవస్థాపకులు. హాకీతో వారికి అంతకుముందు సంబంధం లేదు. వారి ఒప్పందాల్లో రిజర్వ్ నిబంధన లేదు. జూన్ 27న షికాగో తార బాబీ హల్ విన్నిపెగ్ నడివీధి కూడలిలో వేలాది జనం ఎదుట పది లక్షల డాలర్ల చెక్కు అందుకున్నాడు. కొత్త లీగుకు గుర్తింపు తెచ్చేది హల్ పేరే కనుక ఆ మొత్తాన్ని జట్లన్నీ పంచుకొని చెల్లించాయి. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లను అడ్డుకోవడానికి కోర్టుకెక్కింది. ఆ నవంబరులో ఫిలడెల్ఫియాలో న్యాయమూర్తి లియోన్ హిగిన్‌బోథమ్ రిజర్వ్ నిబంధన అమలును నిలిపివేశారు. న్యాయస్థానంలో లీగు గుత్తాధిపత్యానికి తగిలిన పెద్దదెబ్బ ఇది. కొత్త లీగుకు వెళ్లాడన్న కారణంగానే హల్‌ను ఆ సెప్టెంబరులో సోవియట్ యూనియన్‌తో జరిగిన ఎనిమిది ఆటల పోటీకి కెనడా జట్టులో చేర్చుకోలేదు. మాస్కోలో పాల్ హెండర్సన్ చివరి నిమిషంలో చేసిన గోలు కెనడా స్మృతిలో నిలిచిపోయింది. హల్ లేని లోటును మాత్రం తక్కువమంది తలుస్తారు.

ఈ పోటీ ఫలితాలు రింకు మీదా కనిపించాయి. ఆటగాళ్ల కొరత ఐరోపా వైపు చూపు తిప్పింది. 1973లో స్వీడన్‌కు చెందిన బోర్యే సాల్మింగ్‌ను టొరంటో రప్పించింది. మరుసటి ఏడాది విన్నిపెగ్ ఆండర్స్ హెడ్‌బెర్గ్, ఉల్ఫ్ నీల్సన్‌లను తెచ్చి హల్ సరసన నిలిపింది. మొరటుతనానికి బదులు వేగం, పాస్‌ల అల్లిక ప్రధానమైన ఆటకు ఆ ముగ్గురి జోడింపు నమూనా అయింది. న్యూయార్క్ శివార్లలోని కొత్త ఎరీనా శత్రులీగు చేతికి పోకూడదని ఎన్‌హెచ్‌ఎల్ హడావిడిగా ఐలాండర్స్ జట్టును సృష్టించింది. ఆ జట్టే తరువాత వరుసగా నాలుగు కప్పులు గెలిచింది.

1979లో ఎడ్మంటన్, విన్నిపెగ్, క్యూబెక్, హార్ట్‌ఫర్డ్ జట్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో చేరాయి. మొదటి ఓటింగులో ఈ ప్రతిపాదన వీగిపోయింది. వ్యతిరేకించిన మాంట్రియల్ జట్టు మోల్సన్ బీరు కంపెనీది. ఎడ్మంటన్, విన్నిపెగ్, క్యూబెక్ వాసులు ఆ బీరు తాగడం మానేశారు. రెండో ఓటింగులో మాంట్రియల్ మనసు మారింది. వేన్ గ్రెట్స్కీ ఈ దారినే ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చాడు.

6. సంఘం లోపలి శత్రువు

పోటీ లీగు లేకపోయాక ఆటగాళ్లకు మిగిలిన రక్షణ వారి సంఘమే. కానీ ఈగిల్సన్ దాదాపు పాతికేళ్లు సంఘాన్ని నడిపిస్తూనే ఆటగాళ్లకు ఏజెంటుగా, అంతర్జాతీయ పోటీల నిర్వాహకుడిగా వ్యవహరించాడు. మసాచుసెట్స్ పత్రికారచయిత రస్ కాన్వే వెలికితీసిన వివరాలు ఆయన పతనానికి దారితీశాయి. 1998లో ఈగిల్సన్ మోసం నేరాన్ని అంగీకరించి జైలుకు వెళ్లాడు. పింఛను నిధిలోని మిగులు ఆటగాళ్లదేనని 1992లోనే ఒంటారియో న్యాయస్థానం తీర్పునిచ్చింది. లిండ్సే వేసిన ప్రశ్నకు ముప్పై ఐదేళ్లకు దొరికిన సమాధానం అది.

తరువాతి ఘట్టాలు సుపరిచితాలు. 1988లో గ్రెట్స్కీని లాస్ ఏంజిలస్‌కు అమ్మడంతో ఎండనగరాల్లో ఆటకు గిరాకీ పెరిగింది. 1989 నుంచి సోవియట్ ఆటగాళ్లు వచ్చారు. వేతన పరిమితి వివాదంలో 2004-05 సీజను మొత్తం రద్దయింది. సమస్త జీతాలపై 24 శాతం కోతతో, జట్టుకు 39 మిలియన్ల పరిమితితో ఆట తిరిగి మొదలైంది. 2017లో వేగాస్ 500 మిలియన్లు, 2021లో సియాటిల్ 650 మిలియన్లు ప్రవేశరుసుముగా చెల్లించాయి. ఈ దశలో విస్తరణకు ప్రేరణ పోటీభయం కాదు, రుసుమే. ఆటగాళ్లతో పంచుకోవలసిన ఆదాయంలో ఆ రుసుమును లెక్కించరు.

7. మహిళల లీగు

2019లో కెనడా మహిళల లీగు మూతపడినప్పుడు సుమారు రెండువందల మంది క్రీడాకారిణులు, జీవనానికి చాలిన వేతనం ఇవ్వని ఏ ఉత్తర అమెరికా లీగులోనూ ఆడబోమని ప్రకటించారు. నాలుగేళ్లు ప్రదర్శన పోటీలతో గడిపారు. 2023 జులైలో మార్క్ వాల్టర్ కుటుంబం పెట్టుబడితో కొత్త లీగు రూపుదిద్దుకునేటప్పుడు వారు ముందు సంఘం కట్టి, 2031 వరకు వర్తించే సామూహిక ఒప్పందం కుదుర్చుకున్నారు. జట్ల ఎంపిక తరువాత జరిగింది. 2023-24 సీజనులో కనీసవేతనం 35,000 డాలర్లు, పురుషుల లీగుతో పోల్చరానంత తక్కువ. ఆరు జట్లకూ యజమాని ఒక్కరే కనుక ఒక జట్టును కాదని మరో యజమాని దగ్గరికి వెళ్లే అవకాశం ఈ క్రీడాకారిణులకు లేదు. ఒప్పందపత్రమే వారి చేతిలో ఉన్నది. మొదటి ఆట 2024 జనవరి 1న టొరంటోలో జరిగింది. అదే ఏప్రిల్‌లో మాంట్రియల్‌లో ఒక ఆటను 21,105 మంది చూశారు. 2025-26 సీజనులో మరో రెండు జట్లు చేరాయి. ఆ నగరాలు వాంకూవర్, సియాటిల్. రెండూ పాట్రిక్ సోదరుల పాత లీగు ఆడినవే.