మేష్టర్ల వేసవి బడి

కిందటి నెల ఈ కార్యక్రమానికి ఫోను చేసిన ఒకావిడ ఇలా అడిగారు: "మా వాడి స్కూల్లో ఏదో ఒక కొత్త వస్తువు కనిపెట్టి తెమ్మంటున్నారండీ. ఇది నేర్పితే వచ్చే విద్యేనా? అసలు ఆ టీచరుకి ఇది ఎవరు నేర్పారు?" మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. రెండోది అడిగేవాళ్ళు అరుదు. చాలా ఏళ్ళు ఇక్కడి బడుల్లో సైన్సు చెప్పినవాణ్ణి కనక నాకు ఆ రెండోదే ఎక్కువ పట్టింది. దాని వెనక డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది.

దానికన్నా ముందు ఒక మేష్టారి సంగతి చెప్పాలి. 1922లో అయిడహో రాష్ట్రంలో రిగ్బీ అనే చిన్న ఊళ్ళో జస్టిన్ టోల్మన్ కెమిస్ట్రీ చెప్పేవాడు. ఫైలో ఫార్న్స్‌వర్త్ అనే రైతుబిడ్డ, పదిహేనేళ్ళవాడు, ఆయన నల్లబల్ల మీద బొమ్మలు గీసి, దృశ్యాన్ని ఎలక్ట్రాన్ల సాయంతో దూరానికి పంపించవచ్చని వివరించాడు. టెలివిజన్ అన్నమాట! ఆ మేష్టారు "ఇది సిలబస్సులో లేదు, పోయి చదువుకో" అనలేదు. కూచుని విన్నాడు. ఏళ్ళు గడిచాక ఆర్‌సీఏ కంపెనీతో పేటెంటు తగాదా వస్తే, ఆనాటి బొమ్మ గురించి వచ్చి సాక్ష్యం చెప్పింది కూడా ఆయనే. పేటెంటు ఆఫీసు ఫార్న్స్‌వర్త్ పక్షాన తీర్పిచ్చింది. మేష్టారి సాక్ష్యంతోనే కుర్రాడు గెలిచాడని చెప్పుకోవడం కొంచెం పెంచి చెప్పడమే. 1927లో అతను వేసిన దరఖాస్తే అసలు బలం. అయినా అలాంటి గురువు దొరకడం అదృష్టం. ఆ అదృష్టాన్ని ఊరూరా ఏర్పాటు చెయ్యగలమా అన్నదే ఇవాళ్టి విషయం.

మన భాషలో ఒక తమాషా ఉంది. న్యూటన్ గురుత్వాకర్షణ "కనిపెట్టాడు", ఎడిసన్ ఫోనోగ్రాఫు "కనిపెట్టాడు" అంటాం. ఉన్నదాన్ని గుర్తించడం ఒకటి, లేనిదాన్ని తయారుచెయ్యడం ఇంకొకటి. రెంటికీ ఒకటే మాట వాడేస్తాం. "పిల్లవాణ్ణి కాస్త కనిపెట్టి ఉండు" అన్నప్పుడు అదే మాటకి మూడో అర్థం. టోల్మన్ చేసింది ఆ మూడోది.

ఇక చరిత్రకి వద్దాం. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1950లో పుట్టింది. 1953 వేసవిలో కొలరాడోలో లెక్కల వాళ్ళకీ, మిన్నెసోటాలో భౌతికశాస్త్రం వాళ్ళకీ మొదటి వేసవి శిక్షణలు పెట్టారు. అవి కాలేజీ అధ్యాపకులకి. తరవాత హైస్కూలు టీచర్లకీ విస్తరించాయి. 1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్ ఎగరేసేసరికి ఇక్కడ కంగారు పుట్టింది, డబ్బు వరదలా వచ్చింది. మరుసటి ఏడే జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. విద్యకి రక్షణ అన్న విశేషణం తగిలిస్తే గాని పెట్టె తాళం తీయరని అప్పుడే తెలిసింది కాబోలు.

ఎంఐటీలో జెరాల్డ్ జకరాయస్ 1956లోనే భౌతికశాస్త్రం పాఠాల్ని కొత్తగా రాయించే పని మొదలుపెట్టాడు. తలుపు గంట మరతో సమయం కొలిచే సాధనం, సోడా తాగే స్ట్రాతో సన్నటి త్రాసు. నాకు అవంటే ఇప్పటికీ ముచ్చటే. కాని ఆ రోజుల్లో కొందరి నమ్మకం ఏమిటంటే, పుస్తకం, ఫిల్ము, సామాను గట్టిగా ఉంటే చాలు, చెప్పేవాడు ఎలాంటివాడైనా పరవాలేదని. "టీచర్‌ప్రూఫ్" అన్న మాట కూడా పుట్టింది, వాటర్‌ప్రూఫ్ గడియారం లాగ. అదే వాళ్ళని దెబ్బ తీసింది. సామాను బీరువాల్లోకి వెళ్ళింది, మేష్టారు మళ్ళీ నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు.

దీన్ని పట్టుకున్నది 1960ల్లో ఎలిమెంటరీ సైన్స్ స్టడీ అనే బృందం. దాని తొలి నాయకుడు డేవిడ్ హాకిన్స్ తత్త్వశాస్త్రం వాడు. పిల్లలు మొదట సామానుతో ఇష్టం వచ్చినట్టు గెలుక్కోవాలని 1965లో ఆయన ఒక వ్యాసమే రాశాడు. వాళ్ళ పాఠాల్లో ఒకటి ఇది: ఒక టార్చి బల్బు, ఒక బ్యాటరీ, ఒక తీగ ఇస్తారు. వెలిగించాలి, అంతే. ఈ మూడూ ముందు టీచర్ల చేతిలో పెడితే ఏమవుతుందో చూడాలి. నేనూ ఒక శిక్షణలో ఆ బల్ల దగ్గర కూచున్నాను. పక్కన ఎమ్మెస్సీలు చదివినవాళ్ళు బల్బు అడుగుని బ్యాటరీకి ఆనించి, తీగ ఎక్కడ తగిలించాలో తెలియక తంటాలు పడుతున్నారు. బల్బుకి అడుగున ఒకచోట, పక్కన లోహం తొడుగు మీద ఒకచోట, రెండు చోట్ల తగలాలి. 1997లో తీసిన ఒక డాక్యుమెంటరీలో పట్టా అందుకున్న దుస్తుల్లోనే ఉన్న ఎంఐటీ కుర్రాళ్ళు కూడా ఇక్కడే తడబడ్డారు. ఆ తడబాటే శిక్షణ. ఎవరూ పైనించి జవాబు చెప్పరు. అయిదు నిమిషాలు ఓపిక పట్టి మౌనంగా ఉండడం ఎంత కష్టమో అక్కడ మేష్టారికి తెలుస్తుంది.

కాని మేష్టర్ల శిక్షణకి డబ్బు ఎప్పుడూ నిలకడగా లేదు. 1982లో ఆ ఫౌండేషన్‌లో విద్యా విభాగాన్నే రద్దు చేశారు. 1983లో "దేశం ప్రమాదంలో ఉంది" అంటూ ఒక ప్రభుత్వ నివేదిక వచ్చాక మళ్ళీ తెరిచారు.

బడుల్లో పిల్లల చేత వస్తువులు తయారుచేయించే పోటీలు బలపడిందీ ఆ దశాబ్దంలోనే. 1983లో కనెక్టికట్ రాష్ట్రంలో ఇన్వెన్షన్ కన్వెన్షన్ మొదలైంది. 1994లో జెరోమ్ లెమెల్సన్ దంపతుల సొమ్ముతో ఎంఐటీలో ఒక కార్యక్రమం వెలిసింది. లెమెల్సన్‌కి ఆరు వందలకి పైగా పేటెంట్లు. వాటిలో బార్‌కోడు యంత్రాల పేటెంట్లని 2004లో కోర్టు కొట్టేసింది, ఏళ్ళ తరబడి దరఖాస్తుని సాగదీశారని. దాత మీద పేచీ ఉన్నా, ఆ కార్యక్రమంలో ఒక పద్ధతి నాకు నచ్చింది. హైస్కూలు జట్టుకి పదివేల డాలర్ల దాకా ఇచ్చేముందు, ఆ జట్టు టీచరుని జూన్‌లో పిలిచి శిక్షణ ఇచ్చేవారు. చెక్కు తరవాత, మేష్టారు ముందు. పేటెంటు ఆఫీసు కూడా 2014 నించి టీచర్లకి వేసవి శిక్షణ మొదలుపెట్టింది.

ఈ శిక్షణలో సైన్సు పాఠం కన్నా వేరైన సంగతులు ఉంటాయి. వస్తువు ఎవరికి కావాలో వాళ్ళని పోయి అడగడం. పాత పేటెంట్లు వెతకడం. మొదటి నమూనా పాడైతే దాన్ని పారెయ్యకుండా పాడవడానికి కారణం రాయడం. తేదీ వేసి పుస్తకం నింపడం. ఆ తేదీకి ఒకప్పుడు ఇక్కడి చట్టంలో గొప్ప విలువ. 2013 మార్చి 16 నించి, ఎవరు ముందు కనిపెట్టారన్నది కాక ఎవరు ముందు దరఖాస్తు పెట్టారన్నదే లెక్క. అయినా పుస్తకం మానిపించరు, మంచి పనే.

మన దేశంలో ఇంతకన్నా లోతైన పని జరిగింది. 1960ల్లో అమెరికా సాయంతో అక్కడా వేసవి శిక్షణలు నడిచాయి. కాని నేను చెప్పేది 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో, 16 పల్లెటూరి బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన గురించి. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి పెట్టాయి. పల్లెటూరి టీచర్లు, విశ్వవిద్యాలయం ఆచార్యులు ఒకే చాప మీద కూచుని ప్రయోగాలు చేశారు. వేసవి శిక్షణతో వదిలెయ్యలేదు. నెలనెలా టీచర్లు కలుసుకుని ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెప్పుకునేవారు. పరీక్షకి పుస్తకం తీసుకుపోవచ్చు. 1978లో అక్కడికి వెళ్ళిన ఇంజనీరు అరవింద్ గుప్తా, సంతలో దొరికే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు కలిపి ఆకారాలు కట్టించాడు. చదరం ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. వంతెనల్లో త్రిభుజాలు ఎందుకో పిల్లవాడికి వేళ్ళతోనే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది.

మన చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999లో మొదలైంది. బండ్లలో ప్రయోగశాలలు ఊళ్ళకి పంపడంతోపాటు టీచర్లకీ నేర్పింది. 2016లో కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టింది, బడికి ఇరవై లక్షల రూపాయల లెక్కన. ఇప్పుడు పదివేల బడులు దాటాయి. త్రీడీ ప్రింటరు కొనడం ఒక్క రోజు పని. దాని ముందు నిలబడి "నాకూ తెలీదురా, చూద్దాం పద" అనగలిగే మేష్టారు తయారవడానికి హోషంగాబాద్‌లో ఏళ్ళు పట్టింది.

ఇక్కడ మన చేతిలో ఉన్నదొకటి చెప్తాను. టీచర్ల శిక్షణకి కేంద్రం ఇచ్చే డబ్బు "టైటిల్ టూ" అనే పద్దు కింద వస్తుంది. 2017లో ఆ పద్దు పూర్తిగా ఎత్తెయ్యాలని అధ్యక్షుడి బడ్జెట్ అడిగింది, కాంగ్రెసు ఒప్పుకోలేదు. 2025 జులైలో కొన్ని వారాలు ఆపి మళ్ళీ వదిలారు. మీ ఊరి స్కూలు బోర్డు బడ్జెట్ సమావేశానికి ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు. మనవాళ్ళు గిఫ్టెడ్ క్లాసుల గురించి అడగడానికి బాగానే వెళ్తారు. ఈసారి వెళ్ళినప్పుడు, కిందటి వేసవిలో మా టీచర్లని ఎక్కడికి, ఎన్ని రోజులు శిక్షణకి పంపారని కూడా అడగండి.