తెల్లపూత: శిలీంధ్రమా, దేహస్థితియా? నోటి థ్రష్ కారణవిచార చరిత్ర

పసిపిల్లల నాలుక మీద పెరుగు తరకల్లా ఏర్పడి, తుడిస్తే కింద ఎర్రని పొరను మిగిల్చే తెల్లపూతను ఆంగ్ల వైద్యులు థ్రష్ అని, ఫ్రెంచి వైద్యులు ముగే అని వ్యవహరించారు. హిపోక్రటిస్ పేరిట లభించే గ్రంథాలలో తీవ్ర వ్యాధిగ్రస్తుల నోటిపూత ప్రస్తావన ఉంది. అయితే ‘అఫ్తే’ అనే ఆ గ్రీకుపదంలో సాధారణ నోటిపుండ్లు సైతం కలిసిపోయినందువల్ల ప్రాచీన వర్ణనలన్నిటినీ థ్రష్‌గా గ్రహించడం ఉచితం కాదు.

1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్, సన్నిపాత జ్వరంతో మరణించిన రోగి గొంతులోని తెల్లపూతలో శిలీంధ్రాన్ని గుర్తించాడు. కాని దానిని జ్వరానికే కారణమని భావించాడు. చూసినది సరైనదే, అంటగట్టిన వ్యాధి వేరు. 1842లో పారిస్‌లో గ్రూబీ శిశువుల థ్రష్‌లో శిలీంధ్రాన్ని వర్ణించాడు.

నిర్ణాయకమైన కృషి మాత్రం స్టాక్‌హోమ్‌ అనాథ శిశుగృహ వైద్యుడు ఫ్రెడరిక్ థియొడోర్ బెర్గ్‌ది. థ్రష్ అనాథ శిశుగృహాలను విడవకుండా పీడించిన కాలమది. ఆయన పూతలోని పదార్థాన్ని ఆరోగ్యవంతులైన శిశువుల నోటికి అంటించి, వ్యాధి సంక్రమించడాన్ని చూపాడు. ఒకే పాలసీసాను పలువురు శిశువులకు వాడటం వ్యాప్తికి దోహదం చేస్తుందని తేల్చాడు. 1846లో ఈ పరిశోధనను గ్రంథరూపంలో ప్రకటించాడు. శిలీంధ్రం మానవవ్యాధికి కారణం కాగలదనడానికి లభించిన తొలి నిదర్శనాలలో ఇది ఒకటి. కాక్ సూక్ష్మజీవ సిద్ధాంతానికి ఇది దశాబ్దాల ముందుది. అయితే ఆ నిదర్శనానికి సాధనమైనవారు కాదనే పెద్దదిక్కు లేని పసివారన్న సంగతిని వైద్యచరిత్ర రచన తరచుగా ఒక్క వాక్యంతో దాటవేస్తుంది.

తరువాతి కాలమంతా నామకరణ వివాదాలతో గడిచింది. రోబాన్ 1853లో ఓయిడియం అన్నాడు. త్సోఫ్ 1890లో మోనీలియా అన్నాడు. 1923లో క్రిస్టీన్ బెర్కౌట్ ‘క్యాండిడా’ ప్రజాతిని ఏర్పరచింది. క్యాండిడా, ఆల్బికాన్స్ రెండూ తెలుపును సూచించే లాటిన్ పదాలే కావడం వల్ల నేటి నామంలో పునరుక్తి దోషం ఉన్నదనవచ్చు.

పేరు స్థిరపడినా కారణం పూర్తిగా తేలలేదు. ఇదే శిలీంధ్రం ఎందరో ఆరోగ్యవంతుల నోట హాని చేయకుండా నివసిస్తుంది. కనుక బెర్గ్ సమాధానం సగమే. నోటిలోని బాక్టీరియాను యాంటీబయాటిక్స్ హరించినప్పుడు, మధుమేహం అదుపు తప్పినప్పుడు, ఉబ్బసానికి పీల్చే స్టిరాయిడ్ మందు నోటిలో నిలిచినప్పుడు, కట్టుడుపళ్లు శుభ్రంగా లేనప్పుడు అది విజృంభిస్తుంది. యాంటీబయాటిక్స్ వాడుక పెరిగిన దశలోనే, 1950లో, ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ నిస్టాటిన్‌ను ప్రకటించారు. న్యూయార్క్ రాష్ట్రం పేరే ఆ మందుకు ఆధారం.

మిగిలిన సగం ప్రాముఖ్యం 1981 జూన్ 5న వెలువడిన అమెరికా ప్రజారోగ్య నివేదికతో వెల్లడైంది. లాస్ ఏంజెలిస్‌లో అరుదైన న్యుమోనియా సోకిన ఐదుగురు యువకుల గురించిన ఆ నివేదికలో, ఐదుగురికీ క్యాండిడా సంక్రమణ ఉన్నట్లు నమోదైంది. తరువాత ఎయిడ్స్‌గా పేరుపొందిన వ్యాధికి అది తొలి నివేదిక. నాటినుండి, కారణం కనిపించని వయోజనుల నోట తెల్లపూత హెచ్.ఐ.వి. పరీక్షకు సూచనగా పరిగణన పొందుతున్నది.