ఐర్లండ్ సినిమా: సొంత కథ, పరాయి పెట్టుబడి

ఐర్లండ్‌లో సినిమా ప్రదర్శనలు 1896లోనే మొదలయ్యాయి. 1909లో డబ్లిన్‌లో వోల్టా సినిమా హాలును దగ్గరుండి తెరిపించినవాడు రచయిత జేమ్స్ జాయిస్. కానీ ఆ దేశపు బతుకును తెరకెక్కించే పని చాలాకాలం బయటివాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. అమెరికాకు చెందిన కాలెం కంపెనీ 1910లో వచ్చి, వలసపోయిన ఐరిష్ కుటుంబాలను ఆకట్టుకునే చిత్రాలు తీయడం మొదలుపెట్టింది. 1916లో పుట్టిన ఫిల్మ్ కంపెనీ ఆఫ్ ఐర్లండ్ 'నాక్‌నగౌ' (1918) వంటి సొంత కథలు చెప్పినా ఎక్కువకాలం నిలవలేదు.

స్వతంత్ర ప్రభుత్వం 1923లోనే సెన్సార్ చట్టం తెచ్చింది. సినిమా నిర్మాణానికి డబ్బిచ్చే చట్టం మాత్రం 1980 దాకా రాలేదు. ఐరిష్ సినిమా ఆలస్యంగా ఎదగడానికి ఈ నిర్లక్ష్యమే ప్రధాన కారణం. ఆ ఖాళీని ఇతరులు నింపారు. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ బ్రిటిష్ పెట్టుబడితో తీసిన 'మ్యాన్ ఆఫ్ అరాన్' (1934)లో ఒకే కుటుంబంగా కనిపించేవాళ్లు నిజానికి ఒక ఇంటివాళ్లు కారు. ఈటెలతో సొరచేపల వేట అప్పటికే మరుగున పడిపోవడంతో, చిత్రీకరణ కోసం దీవివాసులు దాన్ని కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. అయినా లోకం దాన్నే అసలైన ఐర్లండ్‌గా నమ్మింది. జాన్ ఫోర్డ్ 'ద క్వయట్ మ్యాన్' (1952) పచ్చని పల్లెల రంగుల కలను దానికి జోడించింది. 1958లో బ్రే పట్టణంలో ఆర్డ్‌మోర్ స్టూడియో తెరిచినా, అది ఎక్కువగా విదేశీ చిత్రాలకే ఉపయోగపడింది.

బయటివాళ్లు గీసిన ఈ అందమైన పల్లె బొమ్మను చెరిపే ప్రయత్నం 1970లలో జరిగింది. బాబ్ క్విన్ కానమారాలో ఐరిష్ భాషలో తీసిన 'పొచీన్' (1978) పల్లెను అందంగా చూపడానికి తీసింది కాదు. అక్కడి దొంగసారా, మోసం, హింస అందులో ఉన్నాయి. 1981లో ఫిల్మ్ బోర్డు ఏర్పడి నీల్ జోర్డాన్ తొలి చిత్రం 'ఏంజెల్'కు చేయూతనిచ్చింది. ఆర్థిక సంక్షోభం పేరిట ప్రభుత్వం 1987లో ఆ బోర్డును ఆపేయడం తొందరపాటు. ఆ తర్వాత బ్రిటిష్ నిధుల అండతో వచ్చిన 'మై లెఫ్ట్ ఫుట్' (1989) రెండు ఆస్కార్లు, 'ద క్రయింగ్ గేమ్' (1992) ఒక ఆస్కార్ గెలిచాయి. 1993లో మంత్రి మైకేల్ డి. హిగ్గిన్స్ బోర్డుకు మళ్లీ ప్రాణం పోశారు.

పన్ను రాయితీల వల్ల హాలీవుడ్ రాక పెరిగింది. స్కాట్లండ్ వీరుడి కథ 'బ్రేవ్‌హార్ట్' (1995)లో అధిక భాగం ఐర్లండ్‌లో చిత్రీకరించారు. దానివల్ల స్థానికులకు పని, నైపుణ్యం దక్కాయి కానీ అది వాళ్ల కథ కాదు. మరుసటి ఏడాది వార్నర్ బ్రదర్స్ డబ్బుతోనే జోర్డాన్ 'మైకేల్ కాలిన్స్' తీసి దేశ స్వాతంత్ర్య పోరాటాన్ని తెరకెక్కించాడు. అంటే పరాయి పెట్టుబడి ఎప్పుడూ అడ్డంకి కాదు, కథ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ముఖ్యం.

ఐరిష్ భాషా చిత్రాల కోసం బోర్డు, టీజీ4 చానెల్, ప్రసార నియంత్రణ సంస్థ కలిసి నడిపిన పథకం నుంచి వచ్చిందే కొల్మ్ బరేడ్ దర్శకత్వం వహించిన 'అన్ కలీన్ క్యూన్' (2022). ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన తొలి ఐరిష్ భాషా చిత్రం అదే.