బండి కొనిపెట్టాం సరే.. మరి సపోర్ట్ ఎవరిది?

మన ఐటీ జనాల్లో ఈ మధ్య ఒక కొత్త కొనుగోలు కనిపిస్తోంది. అమ్మకో నాన్నకో మోకాళ్ళు అరిగిపోయాయి, వీధి చివరి దాకా నడవలేకపోతున్నారు అనగానే ఆన్‌లైన్లో వెతికి ఒక ఎలక్ట్రిక్ మొబిలిటీ స్కూటర్ ఆర్డర్ పెట్టెయ్యడం. అదేనండీ.. కుర్చీలాంటి సీటు, ముందు హ్యాండిల్, మూడో నాలుగో చిన్న చక్రాలు, మనిషి నడక కన్నా కాస్త ఎక్కువ వేగం. మా హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల, పిల్లలు హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో ఉండి పెద్దవాళ్ళిద్దరే మిగిలిన ఇళ్ళకి కొదవ లేదు కాబట్టి, ఈ బండ్లు అక్కడా దిగుతున్నాయి.

నేను చూసినంతలో కథ ఒకేలా నడుస్తుంది. మొదటి నెల ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు. ఏడాది తిరిగేసరికి బండి వరండాలో ఓ మూల, దాని సీటు మీద ఆరేసిన తువ్వాళ్ళు. పెద్దాయన మళ్ళీ మంచానికీ టీవీకీ మధ్య.

"చైనా సరుకు అంతేనండీ" అని తేల్చేస్తారు చాలామంది. నాకలా అనిపించదు. ఈ బండి చరిత్ర కాస్త తిరగేస్తే లోపం వేరే చోట ఉందని తెలుస్తుంది.

1655 ప్రాంతంలో జర్మనీలో న్యూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల మేస్త్రీ ఉండేవాడు. కాళ్ళు పనిచేసేవి కావు. చేతులతో తిప్పితే పళ్ళచక్రాలు కదిలి ముందుకెళ్ళే మూడు చక్రాల బండి తనే తయారు చేసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే డెవలపర్, యూజర్, సపోర్ట్ ఇంజనీర్ ముగ్గురూ ఒకడే. పన్ను విరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలన్న ప్రశ్నే లేదు.

తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ బృందం కరెంటు చక్రాల కుర్చీ తయారు చేసింది. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ప్లంబింగ్ పనులు చేసుకునే ఆలన్ థీమ్, మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో నడక కష్టమైన తన ఇంటి మనిషి కోసం ఒక బండి కట్టాడు. దానిపేరు అమిగో. ఇవాళ మనం మొబిలిటీ స్కూటర్ అంటున్నదానికి మూలం అదే. ఇక్కడా అంతే, చేసినవాడు వాడేవాళ్ళ పక్కనే ఉన్నాడు.

ఇంగ్లండ్‌ది ఇంకో దారి. అక్కడ 1948 నుంచి ఇన్వాకార్ అనే చిన్న మూడు చక్రాల బండిని వికలాంగులకు ప్రభుత్వమే ఇచ్చేది. ఇవ్వడమంటే చేతిలో పెట్టి పంపెయ్యడం కాదు, లీజుకి ఇవ్వడం. బండి ప్రభుత్వానిది, కాబట్టి బాగోగులూ ప్రభుత్వానివే. బండి మాత్రం అంత గొప్పదేం కాదు. మూడు చక్రాల మీద నిలకడ తక్కువని విమర్శలు ఉండేవి, చివరికి 2003లో రోడ్ల మీంచి తీసేశారు. కానీ లీజు ఆలోచన మిగిలింది. 1977లో మొదలైన మోటబిలిటీ పథకంలో బండితో పాటు ఇన్సూరెన్సు, సర్వీసింగు, దారిలో ఆగిపోతే సాయం అన్నీ కలిపే ఇస్తారు.

ఇంక మన దగ్గరికొద్దాం. 1972లో కాన్పూర్లో కృత్రిమ అవయవాల తయారీకి అలిమ్కో అనే కేంద్రప్రభుత్వ సంస్థ పెట్టారు. 1981 నుంచి ఆడిప్ పథకం కింద ఉపకరణాలు పంచుతున్నారు. మనందరికీ తెలిసిన, చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్ ఇలాంటి పంపిణీల్లో ఊరూరికీ చేరింది. ఆ సైకిల్ని తీసిపారెయ్యకండి. అందులో ఉన్నదంతా సైకిల్ సామానే. చైను, పెడల్ బదులు చేతిపిడి, ట్యూబు, బ్రేకు రబ్బరు. పంక్చరైతే ఏ ఊళ్ళోనైనా సైకిల్ షాపు ఉంది. అంటే ఆ బండికి దేశమంతా సర్వీస్ సెంటర్లు ముందే ఉన్నాయి, ఎవరూ ప్రత్యేకంగా పెట్టక్కర్లేకపోయింది.

మన రోడ్ల మీద కనిపించే రెండో రకం.. మామూలు గేర్లు లేని స్కూటరుకి వెనక రెండు వైపులా అదనపు చక్రాలు బిగించింది. అదీ నిలబడింది. కారణం అదే, ఇంజను ఏ మెకానిక్కైనా విప్పగలడు.

చట్టం కూడా నెమ్మదిగా వీళ్ళ వెనకే నడిచింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రత్యేకంగా తయారుచేసిన బండినే ఒక రకంగా గుర్తించింది, అదీ 'ఇన్వాలిడ్ క్యారేజ్' అనే మొరటు పేరుతో. మామూలు బండిని మార్చుకుంటే ఆ నిర్వచనంలోకి రాదు. 2019 సవరణలో ఆ పేరు పోయి 'అడాప్టెడ్ వెహికల్' వచ్చింది, మార్పించుకున్న బండి కూడా అందులో చేరింది. మెకానిక్కులు ఏళ్ళ తరబడి చేస్తున్న పనికి చట్టంలో చోటు దొరకడానికి 31 ఏళ్ళు పట్టిందన్నమాట!

ఈలోగా వాడే మనిషి మారిపోయాడు. చేతి సైకిల్ ఎక్కువగా పోలియో బారినపడ్డవాళ్ళ బండి. కాళ్ళు సహకరించకపోయినా వాళ్ళకి భుజాల్లో బలం, చురుకైన చూపు ఉండేవి. 2014 మార్చిలో భారతదేశాన్ని పోలియో లేని దేశంగా ధ్రువీకరించారు. ఇప్పటి మొబిలిటీ స్కూటర్ డెబ్భై దాటిన వాళ్ళ బండి. షుగరు, కంట్లో శుక్లం, వినికిడి తక్కువ, అరికాళ్ళు తిమ్మిరి. బండి తేలికైంది గానీ నడిపే చెయ్యి బలహీనమైంది. పైగా దీంట్లో సైకిల్ షాపువాడికి తెలిసిన భాగం ఒక్క టైరే! మిగతాది బ్యాటరీ, కంట్రోలర్, కరెంటు బ్రేకు. అంటే చేతి సైకిల్‌కి పుణ్యానికి దొరికిన సపోర్ట్ దీనికి దొరకదు. ఇంగ్లండు లీజూ లేదు. ఆ ఖాళీలోనే బండి వరండాకి చేరుతోంది.

ముందు బ్యాటరీ సంగతి. చాలా బండ్లలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు చేస్తారు. వీటికి పడనివి రెండు: ఖాళీగా పడుండటం, వేడి. వానాకాలం నెలన్నర బయటికి తియ్యలేదని ఛార్జింగ్ మానేస్తే లోపల పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఇంక ఛార్జింగ్ పట్టదు. అందుకని వాడినా వాడకపోయినా ఛార్జింగ్ పెడుతూనే ఉండాలి. వేడి విషయంలో ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. బెజవాడ ఎండల సంగతి నేను చెప్పాలా! రేకుల షెడ్డు కింద పెట్టిన బండికి మాన్యువల్లో రాసిన ఆయుష్షు ఆశించకూడదు.

లిథియం అయితే మేలు కదా అంటారు. తేలికే, ఎక్కువ కాలం వస్తుంది కూడా. కానీ 2022 ఏప్రిల్ గుర్తు తెచ్చుకోండి. విజయవాడ సూర్యారావుపేటలో ముందురోజే కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని రాత్రి పడగ్గదిలో ఛార్జింగ్ పెడితే తెల్లవారుజామున పేలింది. ఇంటాయన చనిపోయాడు, ఇంట్లోవాళ్ళు గాయపడ్డారు. అదే వారంలో నిజామాబాద్‌లోనూ ఇలాగే ఇంట్లో ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ పేలి ఎనభయ్యేళ్ళ పెద్దాయన పోయారు. అవి రోడ్డు మీద తిరిగే స్కూటర్లు, నిజమే. కానీ తీసి ఇంట్లో పెట్టుకునే బ్యాటరీ, రాత్రంతా ఛార్జింగ్ అన్న అలవాటు మొబిలిటీ స్కూటరుకీ ఉంది. పైగా ఆ పక్కన పడుకున్న మనిషి లేచి పరిగెత్తలేడు.

ఆ ప్రమాదాల తర్వాత కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు హైదరాబాద్ ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నరసింగరావు గారు. బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి రెండో విడత అమల్లో పెట్టారు. ఐతే ఇందులో ఒక మెలిక ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి మిగతా షరతులకు సరిపోయే బ్యాటరీ బండిని నిబంధనల ప్రకారం మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సు అక్కర్లేదని సంతోషిస్తాం గానీ, మనం కొన్న బండిని ఎవరైనా పరీక్షించి అనుమతించారో లేదో చూసేదెవరు? ఆ పని కూడా మన నెత్తినే పడింది.

రెండోది రోడ్డు. అమిగో పుట్టింది చదునైన నేల కోసం. హనుమాన్ జంక్షన్ అంటే పాత ఐదో నంబరు (ఇప్పటి పదహారో నంబరు) జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే చోటు. బైపాస్ పడ్డాక లారీలు అటు మళ్ళినా బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లకి తక్కువేం లేదు. గంటకు ఆరేడు కిలోమీటర్ల బండి అక్కడ రోడ్డు దాటడమంటే.. మీరే ఊహించుకోండి. సీటు కిందుగా ఉంటుంది కాబట్టి బస్సు డ్రైవరుకి కనపడదు కూడా. పొడుగాటి కర్రకి ఎర్రజెండా, వెనక మెరిసే స్టిక్కర్లు అలంకారం కోసం కాదు.

ఇంక డెల్టాలో కాలవ గట్లు. మూడు చక్రాల బండి గట్టు మీదకి నిటారుగా ఎక్కాలి, ఏటవాలుగా ఎక్కితే పక్కకి పడుతుంది. మలుపులో వేగం తగ్గించాలి. ఇంటి మెట్ల దగ్గర వేసే ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి. మన మేస్త్రీలు మోటార్‌సైకిల్ ఎక్కించడానికి కట్టే నిట్రమైన ర్యాంపు దీనికి పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం వెనకాల ఉండే ఫ్రీవీల్ లివర్. మామూలుగా చెయ్యి తియ్యగానే బండి దానంతటదే ఆగుతుంది. బండిని తొయ్యడానికి ఆ లివర్ మారిస్తే బ్రేకు ఊడినట్టే. మనిషి కూర్చుని ఉండగా, అందులోనూ వాలులో, దాన్ని ముట్టుకోకూడదు. ఇంట్లో పనిచేసేవాళ్ళకి కూడా ఇది చూపించాలి.

మరి సపోర్ట్ ఎవరు? మనుషుల్లేక కాదు. బెజవాడ ఆటోనగర్లో విప్పలేని బండి లేదు. మా జంక్షన్ పక్కనే మల్లవల్లిలో 2025 మార్చిలో ప్రారంభమైన అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ కరెంటు బస్సులు కూడా తయారుచెయ్యగలిగింది. కరెంటు బండి పనితనం మన గడప దాకా వచ్చింది. లేనిది ఒప్పందం. మన క్లయింట్లకి ఏఎంసీ లేకుండా ఒక్క సర్వర్ అమ్మం, అమ్మానాన్నల దగ్గరికొచ్చేసరికి మాత్రం డెలివరీ అయ్యిందన్న మెసేజ్ చూసి టికెట్ క్లోజ్ చేసేస్తాం!

కాబట్టి ఈసారి ఊరెళ్ళినప్పుడు చెయ్యాల్సినవి కొన్ని. బండి ధరతో పాటు రెండేళ్ళకోసారి కొత్త బ్యాటరీల ఖర్చు పక్కన పెట్టండి. దగ్గర్లో బ్యాటరీ ఆటోలు బాగుచేసే ఒక మెకానిక్కుని మాట్లాడి, నెలకోసారి వచ్చి బ్రేకు, టైర్లలో గాలి, వైర్లు, బ్యాటరీ టెర్మినల్స్ చూసేలా డబ్బులిచ్చి కుదుర్చుకోండి. బండితో వచ్చిన ఛార్జరే వాడాలి. లెడ్ బ్యాటరీ తీసి లిథియం వేయిస్తే ఛార్జరూ మారాలి. అమెరికా నుంచి తెచ్చిన బండైతే ఛార్జర్ మీద 240 వోల్టుల దాకా రాసి ఉందో లేదో చూడండి. ఛార్జింగ్ పగటిపూట, మనుషులు మేలుకుని ఉండగా, వసారాలో నీడలో. పడగ్గదిలో వద్దు, బయటికెళ్ళే గుమ్మానికి అడ్డంగా అసలే వద్దు.

ఆ బండి లేకపోతే పెద్దాయన పోగొట్టుకునేది యాభై వేలో లక్షో కాదు. ఎవర్నీ అడగక్కర్లేకుండా ఆంజనేయస్వామి గుడి దాకా వెళ్ళి, టీ తాగి, నలుగురితో మాట్లాడి తిరిగొచ్చే ఆ గంట. బాగుచేసే మెకానిక్కులు మీ ఊళ్ళో ఎవరైనా తెలిస్తే చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది.