ఒక నవల అజ్ఞాతవాసం

పాండవుల అజ్ఞాతవాసం ఏడాదితో తీరిపోయింది. ఇంగ్లండులో ఒక నవల మాత్రం 57 ఏళ్లు అజ్ఞాతవాసం చేసింది. పేరు ‘మారిస్’. రాసినాయన ఇ. ఎం. ఫార్‌స్టర్. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ రాశాడే, ఆయనే.

1913లో ఆయన మిల్‌థార్ప్ అనే పల్లెకి, ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే రచయితని చూడ్డానికి వెళ్లాడు. కార్పెంటరుగారు జార్జి మెరిల్ అనే మగవాడితో దాపరికం లేకుండా కాపురం చేస్తున్న మనిషి. ఆ మెరిల్ చనువుగా నడుం కిందుగా ఒకసారి తట్టాడట. అంతే, నవల మనసులో పడిపోయిందని ఫార్‌స్టరే తర్వాత రాసుకున్నాడు. 1914లో పూర్తి చేశాడు కూడా.

కథ పెద్ద చిక్కుదేం కాదు. మారిస్ కేంబ్రిడ్జిలో క్లైవ్ అనే స్నేహితుణ్ణి ప్రేమిస్తాడు. కొన్నాళ్లకి క్లైవ్ మనసు మార్చుకుని ఓ ఆడపిల్లని పెళ్లాడతాడు. ఇంట్లో ఎవరన్నా పోతే పదిమందీ పరామర్శకొస్తారు. మారిస్ దుఃఖానికి పరామర్శ ఏదీ? పైకి చెప్పుకోడానికే వీల్లేదాయె! తెలిసిన డాక్టరు అదంతా చెత్త అని కొట్టిపారేశాడు. హిప్నాటిజం డాక్టరు నయం చెయ్యలేక, ఇది నేరం కాని ఫ్రాన్సుకో ఇటలీకో పొమ్మన్నాడు. చివరికి క్లైవ్ ఎస్టేటులో కాపలా పనిచేసే ఎలెక్‌తో మారిస్ వెళ్లిపోతాడు. ఇద్దరూ సుఖంగానే ఉంటారు.

చిక్కంతా ఆ సుఖంతోనే. 1885 చట్టం ప్రకారం ఇలాంటి ప్రేమకి రెండేళ్ల దాకా కఠిన శిక్ష. 1895లో ఆస్కార్ వైల్డ్ అనుభవించింది అదే. అప్పటికి ఫార్‌స్టర్‌కి 16 ఏళ్లు. కథని ఉరితాడుతో ముగిస్తే అచ్చువెయ్యడం తేలికయ్యేదని 1960లో ఆయన రాసుకున్న మాట చదివి, నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. ఏడిస్తే ఓర్చుకుంటుందట లోకం, నవ్వితేనే ఓర్చుకోదట!

ఈ కథకి మన హైదరాబాదుతోనూ ఓ బంధుత్వముంది. 1906లో ఫార్‌స్టర్ సయ్యద్ రాస్ మసూద్ అనే కుర్రాడికి లాటిన్ పాఠాలు చెప్పాడు. పాఠాల మాటేమో గాని, మనసిచ్చేశాడు. మసూద్‌ది స్నేహమే, ఆ ప్రేమ కాదు. అయినా స్నేహం తెగలేదు. ఆ మసూదే తర్వాత నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరై, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పాటుపడ్డాడు. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాదొచ్చి ఆయన దగ్గర ఉన్నాడు. 1924లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’ అంకితమిచ్చింది ఆయనకే.

ఆ మధ్యలోనే ఇంకో దెబ్బ. అలెగ్జాండ్రియాలో ఆయన ప్రేమించిన ట్రాము కండక్టరు మహమ్మద్ ఎల్ అద్ల్ 1922లో క్షయతో పోయాడు. పోయినవాడికే ఫార్‌స్టర్ ఉత్తరం మొదలుపెట్టి, 1929 దాకా రాస్తూ పోయాడు. ఏ పోస్టులో వెయ్యాలి దాన్ని?

1924 తర్వాత 46 ఏళ్లు బతికి కూడా ఆయన మరో నవల అచ్చువేయించలేదు. ఆడామగా ప్రేమ గురించే రాయాలంటే విసుగ్గా ఉందని 1911లోనే డైరీలో రాసుకున్నాడు. 1967లో అక్కడ చట్టం సడలింది. 1970లో, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. 1971లో ‘మారిస్’ బయటికొచ్చింది.

ఇలాంటి చట్టాన్నే ఇంగ్లీషువాళ్లు 1860లో 377వ సెక్షనుగా మన నెత్తిన పెట్టారు. వాళ్లు తమ నెత్తిమీది బరువు దించుకున్న 51 ఏళ్లకి, 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసి బతికే పెద్దవాళ్లకి అది వర్తించదని మన సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు సంగతి తేలింది. ఇక మన ఇళ్ల సంగతి. ఓ కుర్రాడు స్నేహితుడు దూరమయ్యాడని అన్నం మానేస్తే, “స్నేహితుడేగా, పోతే పోయాడు” అని మనమే అంటాం. పరామర్శకి నోచుకోని దుఃఖం మన ఇంట్లోనే ఉందేమో, ఎప్పుడన్నా చూశామా?