అందరికీ అందేదే మంచి వెబ్‌సైట్: నాలుగు మూలసూత్రాలు

బ్యాంకు ఖాతాకు ఆన్‌లైన్‌లో గుర్తింపు ధ్రువీకరణ (ఈ-కేవైసీ) జరిగేటప్పుడు కెమెరా ముందు కళ్లు ఆర్పమని అడుగుతారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారికి అది సాధ్యం కాదు. ఇటువంటి బాధితులు, చూపులేని ఒక వ్యక్తి వేసిన పిటిషన్లపై 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. వెబ్‌సైట్ రూపకల్పన కేవలం అలంకరణ కాదని ఈ తీర్పు చాటింది.

వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ 2008లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాలు నాలుగు సూత్రాలపై నిలిచాయి. 2018, 2023 సంవత్సరాల్లో వచ్చిన తర్వాతి కూర్పులకూ అవే పునాది.

గ్రహించగలగాలి: చూపులేనివారికి తెరమీది పాఠాన్ని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. కనుక చిత్రాలకు అక్షరరూపంలో వివరణ, వీడియోలకు క్యాప్షన్లు ఉండాలి. ‘ఏఏ’ స్థాయి ప్రకారం సాధారణ పరిమాణంలోని అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలి.

నడపగలగాలి: మౌస్ లేకున్నా కీబోర్డుతో పనులు పూర్తిచేసే వీలుండాలి. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే దృశ్యాలు కొందరిలో మూర్ఛకు దారితీయవచ్చు కాబట్టి వాటిని వాడరాదు.

అర్థం కావాలి: మెనూ అన్ని పేజీల్లో ఒకే వరుసలో ఉండాలి. దరఖాస్తులో తప్పు దొర్లితే ఎర్రరంగు చూపి ఊరుకోక, ఏ గడిలో ఏమి సరిదిద్దాలో మాటల్లో చెప్పాలి.

దృఢంగా ఉండాలి: వేర్వేరు బ్రౌజర్లలోనూ, సహాయక సాఫ్ట్‌వేర్లతోనూ పేజీ సక్రమంగా పనిచేయాలి. ఒకప్పుడు తెలుగు వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడేవి; ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులే కనిపించేవి. యూనికోడ్ ఆ చిక్కును తొలగించింది. అయితే స్కాన్ చేసి బొమ్మగా ఉంచిన ప్రకటనలోని అక్షరాలను స్క్రీన్ రీడర్ నేరుగా చదవలేదు.

భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) 2009లో మార్గదర్శకాలు తెచ్చింది. 2023 నాటి మూడో కూర్పు మొబైల్ యాప్‌లకూ వర్తిస్తుంది, డబ్ల్యూసీఏజీ 2.1లోని ‘ఏఏ’ స్థాయిని అనుసరించాలని నిర్దేశిస్తుంది. పెద్ద వయసు వారికీ, చిన్న ఫోను తెరపై ఎండలో చదివేవారికీ ఇవే సూత్రాలు మేలు చేస్తాయి.