దుముకు గుఱ్ఱము: మూడు పాఠముల చరిత్ర



పడుచు గుఱ్ఱమును కొన్నవానికి మొట్టమొదట కలుగు కోరిక దానిని దుమికించి చూడవలెనని. సొమ్ము చెల్లించి పగ్గము చేతబట్టిన మఱునాడే దడి యొకటి కట్టించి, ఇరుగుపొరుగువారిని పిలిచి, గుఱ్ఱమును దానిమీదికి తోలవలెనని ఉవ్విళ్ళూరుట కొత్త యజమానికి సహజము. ఆ ఉత్సాహము దోషము కాదు. ఉత్సాహము లేనివాడు గుఱ్ఱముల జోలికి పోకుండుటయే మేలు. కాని ఆ ఉత్సాహమును ఏ దారిని నడుపవలెనను ప్రశ్నకు సమాధానము కుదురుటకు మానవజాతికి మూడువేల యేండ్లకు పైగా పట్టినది. ఆ కథయే నేటి నా ప్రసంగ విషయము. నేను రౌతును గాను, చరిత్ర చదువుకొనువాడను. కావున గుఱ్ఱమెక్కుట నేర్పెదనని అనను. గుఱ్ఱములకు నేర్పినవారు తాము నేర్చుకొనిన దేమో అంతమాత్రము మనవి చేసెదను.

మన పూర్వుల అశ్వశాస్త్రములు సుడులు, వన్నె, అవయవముల పొందిక చూచి గుఱ్ఱమును ఎన్నుకొను విధమును విస్తారముగ చెప్పినవి. తెలుగున మనుమంచి భట్టు రచించిన హయలక్షణ గ్రంథము గలదు. అయితే ఎన్నుకొనుట వేఱు, తీర్చిదిద్దుట వేఱు. ఈ రెండవదానిలో చరిత్ర మనకు మూడు పాఠములు చెప్పుచున్నది. మొదటిది గుఱ్ఱము శరీరమును గూర్చినది. రెండవది మనస్సును గూర్చినది. మూడవది చలనమును గూర్చినది.

మొదటి పాఠము మట్టిపలకలమీద దొరకినది. నేటి తుర్కీదేశమున, పూర్వము హిత్తీ రాజులకు రాజధానియైన హత్తుష నగరపు శిథిలములలో, 20వ శతాబ్ది తొలినాళ్ళ త్రవ్వకములందు వేలకొలది పలకలు బయటపడెను. వానిలో కొన్ని మితన్ని దేశస్థుడగు కిక్కులి యను అశ్వశిక్షకుని పేరిట నున్నవి. అవి క్రీ. పూ. 14వ శతాబ్ది ప్రాంతమునాటివని పండితుల నిర్ణయము. అందు చుట్లను లెక్కించు మాటలు మన చెవికి చుట్టములవలె తోచును: ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న. ఏక, త్రి, పంచ, సప్త యని మన పిల్లలు వల్లించు అంకెలే ఇవి, వర్తనమనగా చుట్టు. అంత దూరదేశమున, అంత పూర్వకాలమున, గుఱ్ఱపు విద్యకు ఆర్యభాషా పదములు వాడుకలో నుండెనన్నమాట.

కిక్కులి శిక్షణ రథాశ్వములకే గాని దుముకు గుఱ్ఱములకు గాదు. అయినను దాని సారము అందఱికిని పనికివచ్చును. ఆఱేడు నెలలపాటు ఏనాడు ఎంత దూరము నడిపింపవలెను, ఎంత దూరము పరుగెత్తింపవలెను, ఎన్ని కొలతల దాణా పెట్టవలెను, ఎప్పుడు ఏటిలో కడుగవలెను, ఎప్పుడు విశ్రాంతి నీయవలెను అనునవి దినదినమునకు విధింపబడినవి. శ్రమ కొంచెము కొంచెముగ హెచ్చును. శ్రమ వెనువెంట విశ్రాంతి వచ్చును. శరీరము ఆజ్ఞకు లోబడి పెరుగునది కాదని, దాని గడువు దానికున్నదని ఆ శిక్షకుడు ఎఱుగును.

నేటి పశువైద్యము ఆ గడువును ఎముకలలోనే చూపుచున్నది. పడుచు గుఱ్ఱము ఎముకల కొనలయందు పెరుగుదలకు తావైన మెత్తని మృదులాస్థి యుండును. కాలి క్రిందిభాగపు టెముకలలో అది మొదటి రెండేండ్ల లోపుననే గట్టిపడును. వెన్నెముకయందు మాత్రము పూర్తిగ గట్టిపడుటకు ఐదాఱేండ్లు పట్టును. కావున మూడేండ్ల గుఱ్ఱము చూపునకు ఎంత నిండుగా నున్నను, రౌతు బరువు మోయు వెన్ను ఇంకను పిల్లతనమునందే యున్నది. అట్లని దానిని కొట్టమున కట్టివేయరాదు. మితమైన వ్యాయామము ఎముకకు బలము నిచ్చును. ఎత్తైన దుముకులు, మాటిమాటికి దుమికించుటలు మాత్రమే దానికి శత్రువులు. ఒలింపిక్ క్రీడలలో దుముకు పందెమునకు వచ్చు గుఱ్ఱమునకు కనీసము 9 ఏండ్లు నిండవలెనని నియమము పెట్టుటకు అంతరార్థ మిదియే.

ఇక రెండవ పాఠము. దీనిని చెప్పినవాడు ఏథెన్సు నగరపు క్సెనొఫోను. సోక్రటీసు శిష్యుడు, సేనాని, చరిత్రకారుడు. క్రీ. పూ. 4వ శతాబ్దమున ఈతడు వ్రాసిన అశ్వారోహణ గ్రంథము కొత్త యజమాని కొఱకే వ్రాసినదా యనునట్లుండును. కొనునప్పుడు మోసపోకుండుట యెట్లో మొదట చెప్పి, పిదప పడుచు గుఱ్ఱమును శిక్షకునికి అప్పగించు రీతి చెప్పినాడు. కొడుకును ఒక వృత్తిలో పెట్టునపుడు ఏమేమి నేర్పవలెనో వ్రాతమూలకముగ ఒప్పందము చేసికొందుము గదా, గుఱ్ఱము విషయమునను అట్లే చేయుమన్నాడు. అప్పగించుటకు ముందే దానికి మనుష్యునియందు ప్రీతి కలిగియుండవలెననియు, ఆకలి, దప్పిక, ఈగల బాధ తీరుట మనుష్యుని వలననే యని దానికి తెలియవలెననియు హెచ్చరించినాడు.

గోతిని దాటించుట నేర్పు విధమును గూడ ఆయన వర్ణించెను. రౌతు గుఱ్ఱము దిగి, పగ్గమును వదులుగ పట్టుకొని, తానే ముందు గోతిని దాటవలెను. పిదప గుఱ్ఱమును తనవైపు రప్పింపవలెను. మొదట చిన్న గోయి, అలవాటైన పిమ్మట పెద్దది. క్సెనొఫోను కొరడాను బొత్తిగా విడిచినవాడు గాడు. మొండికెత్తిన గుఱ్ఱమును వెనుకనుండి ఒకమాఱు గట్టిగ కొట్టుమనియే చెప్పెను. కాని భయపడిన గుఱ్ఱమును కొట్టరాదని ఆయన స్పష్టముగ వారించెను. అందుకు చెప్పిన హేతువు నేటికిని చెక్కుచెదరలేదు. గుఱ్ఱము ఒక వస్తువును చూచి జంకునప్పుడు దెబ్బ పడినచో, ఆ నొప్పి ఆ వస్తువు వలననే కలిగినదని అది తలచును, భయము రెట్టింపగును. కావున మనమే ఆ వస్తువును తాకి చూపి, మెల్లగ దగ్గఱకు నడిపింపవలెను. కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదు. దడియొద్ద బెదరిన గుఱ్ఱమును కొరడాతో కొట్టువాడు దడిని చూచి భయపడుటనే నేర్పుచున్నాడు.

ఈ మంచిమాట చిరకాలము మఱుగుపడెను. 1550లో నేపుల్సు నగరమున ఫెడెరీకో గ్రిసోనె యను కులీనుడు ఒక అశ్వారోహణ గ్రంథమును అచ్చువేసెను. అది యూరపు ఖండమెల్ల ప్రాకినది. కదలని గుఱ్ఱమును కదలించుటకు ప్రాణముతోనున్న పిల్లిని కఱ్ఱకు కట్టి దాని పొట్టక్రింద చూపు ఉపాయము అందు గలదు! ఆ కాఠిన్యమునుండి విద్యను మరల్చినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు ప్లువినెల్. ఈతడు బాలుడైన 13వ లూయీ రాజునకు గుఱ్ఱపుస్వారి నేర్పిన గురువు. ఈతని గ్రంథము మరణానంతరము 1623లో వెలువడెను. ప్రతి గుఱ్ఱమునకు ఒక్కొక్క స్వభావము గలదనియు, దాని బుద్ధిని కదలింపనిదే శరీరమును కదలింపరాదనియు ఈతని మతము.

మూడవ పాఠము చలనమునకు సంబంధించినది. దుముకును ప్రత్యేక విద్యగ ఎంచినవారిలో మన దేశస్థులు ముందువారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్ష ప్రకరణమునందు లంఘనము ఒక గతిగ చెప్పబడినది. దాని భేదములు ఏడు: కపిప్లుతము, భేకప్లుతము, ఏణప్లుతము, ఏకపాదప్లుతము, కోకిలసంచారి, ఉరస్యము, బకచారి. కోతి, కప్ప, జింక, కోకిల, కొంగ - ఇన్ని ప్రాణుల కదలికను పరికించి చూచినగాని ఈ పేర్లు పుట్టవు. ఆ చూపు గొప్పది. అయితే రౌతును మోయుచున్న గుఱ్ఱము దుముకునప్పుడు ఏమి జరుగునో అదే చూపుతో చూచుటకు ఇంకను చాలకాలము పట్టినది.

ఇంగ్లండులో 18వ శతాబ్దమున బయలు భూములకు హద్దులు కట్టు చట్టములు పెక్కు వచ్చెను. పొలముల చుట్టును ముళ్ళదడులు, కందకములు లేచినవి. నక్కవేటకు పోవు రౌతులకు దుముకు తప్పనిసరియయ్యెను. 1868లో డబ్లిన్ నగరమున జరిగిన ప్రదర్శనమున ఎత్తుదుముకు, వెడల్పుదుముకు పందెములు పెట్టిరి. ఆ కాలపు రౌతులు దడి దాటునపుడు వెనుకకు వాలి, కాళ్ళు ముందుకు చాచి, వాగెలు బిగబట్టెడివారు. ముంగాళ్ళకు బరువు తగ్గించుచున్నామని వారి భ్రమ. పాపము గుఱ్ఱమునకు నోట కళ్ళెపు నొప్పి, నడుమున రౌతు బరువు!

అదే 1868లో ఇటలీ దేశమున లివోర్నో నగరమునందు ఫెడెరీకో కప్రిల్లి పుట్టెను. పెరిగి ఆశ్వికదళమున అధికారియై, పినెరోలో, తోర్ ది క్వింతో అను చోట్ల సైనికులకు స్వారి నేర్పెను. ఈతడు చేసినదెల్ల ఒక్కటే: రౌతు లేని గుఱ్ఱము స్వేచ్ఛగ దుముకుచుండగ చూచుట. చూడగా, అది మెడ చాచును, వీపును విల్లువలె వంచును, నేలను తాకునపుడు ముంగాళ్ళనే ముందు మోపును. వెనుకకు వాలిన రౌతు ఈ మూడింటికిని ఆటంకమే. గుఱ్ఱమునకు దుముకుట వచ్చు. దానికి అడ్డుపడకుండుట మనుష్యుడు నేర్వవలెను. రికాబులు కుఱచచేసి, గుఱ్ఱము వీపునుండి లేచి, బరువును ముందుకు తెచ్చి, దాని నోటి వెంట చేతులను పోనిచ్చుమని కప్రిల్లి నేర్పెను. మొదట పెద్దలు ఒప్పలేదు. పిదప ఇటలీ సైన్యమంతయు ఆ పద్ధతినే గ్రహించెను. పరదేశముల అధికారులు వచ్చి నేర్చుకొని పోయిరి. 1902లో ట్యూరిన్ నగరమున మెలోపో యను గుఱ్ఱముపై ఆయన 2 మీటర్ల 8 సెంటీమీటర్ల ఎత్తు దాటెను. 1907 డిసెంబరున గుఱ్ఱముపైనుండి పడి, 39వ యేట చనిపోయెను. ఆయన వ్రాసినది స్వల్పము. నేడు ప్రపంచమున దడి దాటు రౌతులు కూర్చుండు తీరే ఆయన గ్రంథము.

ఈ మూడు పాఠములును ఒక్కచోట కూడిన దృష్టాంతములు రెండు చెప్పెదను. చిలీ దేశమున ఫెయిత్‌ఫుల్ అను పందెపు గుఱ్ఱము పరుగు పందెములలో రాణింపలేదు. దానికి హువాసో అని కొత్తపేరు పెట్టి, కెప్టెన్ అల్బెర్తో లర్రగీబెల్ ఓపికతో తీర్చిదిద్దెను. 1949 ఫిబ్రవరి 5వ తేదీన వీన్యా దెల్ మార్ నగరమున, మూడవ యత్నమునందు, అది 2 మీటర్ల 47 సెంటీమీటర్ల ఎత్తు దాటెను. ఆ యెత్తును నేటివఱకు ఏ గుఱ్ఱమును మించలేదు. అప్పటికి దానికి పదునైదేండ్లు దాటినవి! రెండవది అమెరికా కథ. 1956లో హ్యారీ డిలేయర్ అను హాలండు దేశపు వలసవాడు అంగడికి ఆలస్యముగ వచ్చి, కసాయిబండి యెక్కిన నాగలి గుఱ్ఱమును 80 డాలర్లకు కొనెను. స్నోమన్ అని దానికి పేరు. దానిని పొరుగువానికి అమ్మగా, కంచెలు దాటి తిరిగి యజమాని యింటికే వచ్చెను. అప్పటికి దాని శరీరము ముదిరినది. మనుష్యునియందు నమ్మకము కుదిరినది. దుముకు దానికి తనంతనే వచ్చినది. శిక్షణ పొంది, 1958లో న్యూయార్కు నగరపు జాతీయ ప్రదర్శనమున అది విజేతయయ్యెను.

ఇంతకు కొత్త యజమాని ఏమి చేయవలెను? మొదట గుఱ్ఱము వయస్సును, వెన్నును, గిట్టలను పశువైద్యునికి చూపవలెను. అనుభవశాలియగు శిక్షకుని ఆశ్రయింపవలెను. తానును గుఱ్ఱమును ఒకేసారి కొత్తవారైనచో ఇద్దఱికిని చేటు. ముందు నడక, ఆగుట, తిరుగుట, ఎత్తుపల్లముల నేలమీద సంచరించుట నేర్పవలెను. పిమ్మట నేలమీద కఱ్ఱలు పఱచి నడిపించి, మెల్లని దౌడున దాటింపవలెను. ఆ తరువాత జానెడెత్తు అడ్డు. అది నిర్భయముగ దాటిన నాడే ఇంకొంచెము. వారమునకు ఒకటి రెండు దినములకు మించి దుమికింపరాదు. బాగుగ దాటినవెంటనే మెచ్చుకొని, జీను దింపవలెను. బాగుగ చేసినదానినే పదిమాఱులు చేయించువాడు పదునొకండవమాఱు తప్పు నేర్పును. గుఱ్ఱము నిలిచిపోయినచో, అది నొప్పియో, భయమో, మన తొందరయో విచారింపవలెను గాని చెర్నాకోలకు చేయి చాపరాదు.

ఆత్రగానికి బుద్ధి మట్టని మన సామెత. తొందరపడి నాలుగవయేట చెఱచిన గుఱ్ఱమునకు తొమ్మిదవయేడు రాదు. వచ్చినను కుంటుచు వచ్చును. ఆ నష్టమును నోరులేని ప్రాణి మోయును. కిక్కులి దినములు లెక్కించెను. క్సెనొఫోను కోపము నణచెను. కప్రిల్లి చేతులు సడలించెను. ఒకనికొకడు ఎఱుగని ఈ మువ్వురును చెప్పినది ఒక్కటియే. గుఱ్ఱమునకు దుముకు నేర్పవలెనను ఉత్సాహము గలవాడు మొదట తన ఉత్సాహమునకు నడక నేర్పవలెను.